తగవు వాళ్లది, సంతకం మనది

తోడికోడళ్లకు పడకపోయినా పేరంటంలో పక్కపక్కనే నవ్వుతూ కూర్చుంటారు. లినక్స్ ప్యాకేజీలకు, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌లో పెట్టుకునే సాఫ్ట్‌వేర్ మూటలకు, ఆ మొహమాటం లేదు. డెబియన్ అనే లినక్స్ రకంలో ప్రతి ప్యాకేజీ కంట్రోల్ ఫైల్ అనే జాతకం చేతబట్టుకుని వస్తుంది. ఎవరు లేనిదే బతకదో డిపెండ్స్ వరుసలో, ఎవరి మొహం చూడదో కాన్‌ఫ్లిక్ట్స్ వరుసలో రాసి ఉంటుంది. పెళ్లిచూపుల్లో ఈపాటి నిజాయితీ ఉంటే లాయర్లు పస్తులుండాల్సిందే.

ఎగ్జిమ్, పోస్ట్‌ఫిక్స్ సంగతే చూడండి. ఇద్దరిదీ మెయిల్ మోసే వృత్తి. కూర్చోవడానికి మాత్రం సెండ్‌మెయిల్ అనే ఫైలు పేరుతో ఒకటే కుర్చీ. 'మెయిల్ ట్రాన్స్‌పోర్ట్ ఏజెంట్' బిరుదు నాదేనని ఇద్దరూ ప్రకటిస్తారు. ఆ బిరుదున్న వాళ్లెవరితోనూ నాకు పొసగదని కూడా ఇద్దరూ రాసుకుంటారు. మరి తనతో తనకే తగవు కదా? ఆ తగవు లెక్కలోకి రాదని డెబియన్ నియమావళి తేల్చేసింది. మనుషులకు ఆ వెసులుబాటు లేదు.

ఇక పంచాయితీ. 2008లో ఓపెన్‌సూసే 11.0 అనే మరో లినక్స్ ఇందుకోసం శాట్ సాల్వర్ అనే గణిత పండితుణ్ని పిలిపించింది. లెక్క చిన్నది కాదు, ఎన్‌పీ కంప్లీట్ జాతిది, అంటే పెరిగేకొద్దీ కంప్యూటర్‌కే చెమటలు పట్టించే రకం. అంతటి ఘనాపాఠి గుణించి, భాగించి చెప్పే తీర్పు ఇలా ఉంటుంది: ఒకటి, పాతదాన్ని తీసెయ్. రెండు, కొత్తదాన్ని పెట్టకు. మూడు, డిపెండెన్సీ సంగతి వదిలేసి పెట్టెయ్, ఆపైన దాని ఖర్మ. ఏ నంబరో నువ్వే నొక్కు. రచ్చబండ పెద్దలూ ఈ మూడే చెప్పేవారు, కాకపోతే చుట్ట ఆరేలోపు చెప్పేవారు.

డెబియన్‌లో ప్యాకేజీలను పెట్టే, తీసే ఆప్ట్‌కు ఆ ఓపిక కూడా ఉండదు. విరిగిన ప్యాకేజీలను నువ్వే పట్టుకు కూర్చున్నావని ఎదురు నిందేస్తుంది. 2021లో పాప్ ఓఎస్ అనే లినక్స్ మీద స్టీమ్ అనే గేముల యాప్ పెట్టబోయిన ఒక పేరున్న యూట్యూబర్ చేత, 'యెస్, డూ యాజ్ ఐ సే!' అని ఆశ్చర్యార్థకంతో సహా టైపు చేయించుకుంది. చేశాడు. డెస్క్‌టాప్ మొత్తం ఊడిపోయింది. తప్పెవరిదంటే చూపించడానికి రాతపూర్వక అంగీకారం ఉంది.

మొన్న నేనూ పోస్ట్‌ఫిక్స్ పెట్టబోతే, ఎగ్జిమ్‌ను పంపించేస్తానంది ఆప్ట్. 'వై' నొక్కాను. ఎగ్జిమ్ వెళ్లింది కానీ ట్రంకుపెట్టె పట్టుకెళ్లలేదు. సెట్టింగులన్నీ ఈటీసీ ఫోల్డర్‌లోనే ఉన్నాయి, ఎప్పటికైనా కాపురానికి తిరిగొస్తుందేమోనని. పర్జ్, అంటే ఆనవాళ్లతో సహా తుడిచెయ్, అని నోరు తెరిచి అంటేనే అవి కదులుతాయట. నేనింకా అనలేదు.