పులి నోట్లో తల

పారిస్‌లోని సెర్నూషి మ్యూజియంలో ఒక కంచు పులి ఉంది. ఎత్తు 35 సెంటీమీటర్లు, వయసు మూడు వేల ఏళ్ళు. ప్రాచీన చైనాలో పూజలకు మద్యం పోసుకున్న పాత్ర అది. దానికి కవల తోబుట్టువు జపాన్‌లోని క్యోటోలో ఉంది. పులి వెనక కాళ్ళ మీద, తోక మీద ఆనుకుని కూర్చుని నోరు బార్లా తెరిచింది. ఆ కోరల కింద ఒక మనిషి తల. చంటిపిల్లాడు అమ్మను కరుచుకున్నట్టు రెండు చేతులతో పులిని పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ మొహంలో టెన్షన్ లేదు.

టెన్షనంతా పండితులదే.

పులి మింగుతోందని కొందరు. కాదు, కాపాడుతోందని కొందరు. హార్వర్డ్‌లో పాఠాలు చెప్పిన కె.సి. చాంగ్ గారి లెక్కలో ఆ మనిషి పూనకం వచ్చే పూజారి, పులి అతన్ని పైలోకానికి చేరవేసే వాహనం. ఇంకో వర్గానికి అది పాలిచ్చే తల్లి. దానికి 'ఆడపులి' అని పేరొచ్చింది అందుకే. ప్రాచీన చైనాలో చూ అనే రాజ్యపు మంత్రి జీవెన్‌ను పసిగుడ్డుగా పారేస్తే పులి సాకిందని కథ. పాత్ర తయారైన దాదాపు నాలుగు వందల ఏళ్ళకు గానీ ఆ జీవెన్ పుట్టలేదు. కంచరి దూరదృష్టి గలవాడన్నమాట.

ఈ గొడవంతా ఎందుకని తేల్చేసిన మహానుభావుడు కళాచరిత్రకారుడు మాక్స్ లోర్. మూడు వేల ఏళ్ళ కిందట చైనాను ఏలిన షాంగ్ వంశపు కాలం నాటి కంచు పాత్రల మీద కింది దవడ లేని మొహం ఒకటి గుడ్లురుముతూ ఉంటుంది. దాని పేరు థావ్‌థియె, అంటే తిండిపోతు. (ఆ పేరు కూడా షాంగ్ వాళ్ళు పెట్టింది కాదు.) సన్నని గీతలతో మొదలై ఉబ్బెత్తు మొహాలుగా మారిన వరుసను లోర్ 1953లో అయిదు దశలుగా చెప్పాడు. తవ్వకాల్లో అదే నిజమని తేలింది. ఆ ఊపులో, అది వట్టి డిజైను, దానికి మతపరమైన అర్థమేదీ తేల్చలేమన్నాడు. పూజ పాత్ర మీద, దేవుడితో సంబంధం లేని మొహం! నందంటే నంది, పందంటే పంది.

షాంగ్ వాళ్ళు రాయడం రానివాళ్ళేం కాదు. జోస్యం చెప్పించుకున్న ఎముకలు, తాబేటి చిప్పలు లక్షకు పైగా ముక్కలు దొరికాయి. వాన పడుతుందా, వేట దొరుకుతుందా, రాజుగారి పంటి నొప్పికి ఏ పూర్వీకుడి కోపం కారణం, అన్నీ అడిగి చెక్కించారు. పాత్ర మీది పళ్ళు ఎవరివో మాత్రం ఒక్క ముక్క రాయలేదు.

రాసుంటే ఇన్ని పీహెచ్‌డీలకు చోటుండేది కాదు. కంచరి దూరదృష్టి గురించి ఇందాకే మనవి చేశాను.