సవరణ: ‘మెసయా’ తొలి ప్రదర్శనలో జాన్ బియర్డ్ లేరు

18వ శతాబ్దపు ఇంగ్లిష్ టెనర్ (మగ గొంతుల్లో పై శ్రుతిలో పాడే గాయకుడు) జాన్ బియర్డ్ మీద మొన్నటి పోస్టులో, స్వరకర్త హాండెల్ రాసిన ‘మెసయా’ అనే ఒరటోరియోను (నటన లేకుండా పాడే సంగీత రచన) డబ్లిన్‌లో మొదటిసారి పాడింది ఆయనే అని ఉంది. అది సరికాదు. 1742 ఏప్రిల్ 13న అక్కడ టెనర్ భాగాలు పాడింది స్థానిక కెథెడ్రల్ (ప్రధాన చర్చి) గాయకులు. బియర్డ్ పాడింది మరుసటి ఏడాది మార్చిలో, లండన్ కోవెంట్ గార్డెన్‌లో.

నిజానికి ఆయన గొప్పతనానికి డబ్లిన్‌తో పనే లేదు. అప్పటి ఇటాలియన్ ఒపెరాల్లో వీరుడి పాత్రలు ఎక్కువగా కాస్ట్రాటో గాయకులవే (గొంతు మారకుండా చిన్నప్పుడే వృషణాలు తొలగించిన మగ గాయకులు). టెనర్లకు తరచుగా తండ్రులు, ముసలి రాజుల వేషాలు దక్కేవి. అలాంటి రోజుల్లో, 1743లో, హాండెల్ బైబిల్ వీరుడు సమ్సోను కథతో రాసిన ‘శామ్సన్’ ఒరటోరియోలో ప్రధాన పాత్రను బియర్డ్‌కి ఇచ్చాడు. చూపు పోయిన సమ్సోను పాడే ‘టోటల్ ఎక్లిప్స్’ పాట ఒక్కసారి వినండి. వాద్యాలు ఆగిపోయి గొంతు ఒక్కటే మిగిలే చోట్లున్నాయి. అక్కడ వేగంగా పాడే నేర్పు అక్కరకు రాదు, ప్రతి మాటా స్పష్టంగా పలకాలి. తర్వాత 1747లో ‘జూడాస్ మకబియస్’, 1752లో ‘జెఫ్తా’ కూడా ఆయన గొంతుకోసం రాసినవే.

బియర్డ్ గొంతు చెడి పాడటం మానేశారని ఆ పోస్టులో ఉన్న వాక్యం కూడా తీసేశాం. 1767లో ఆయన వేదిక దిగడానికి కారణం చెవుడు.