బిల్జ్ పంపుకు ఫ్యూజ్ తీసేయమనే ఆ మెసేజ్‌ను నమ్మకండి

బిల్జ్ పంపంటే పడవ అడుగున చేరిన నీళ్లను బయటికి తోడే మోటారు పంపు. దాని గురించి పడవలున్నవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. "బిల్జ్ పంపుకు ఫ్యూజ్ పెట్టకండి, అది కొట్టేస్తే పడవ మునిగినట్టే. ఇంటి వైరుతో నేరుగా బ్యాటరీకి కలిపి టేపు చుట్టండి. పెద్ద పంపు కొంటే చిల్లు పడ్డా భయం లేదు, ఇక దాన్ని ముట్టుకునే పనే ఉండదు" అని. హైదరాబాద్‌లో నాకు తెలిసినవాళ్లే ఇది చదివి ఫ్యూజులు పీకేస్తున్నారు, అందుకే రాస్తున్నా.

నేరుగా బ్యాటరీకి అన్నమాట సగం నిజం. ఫ్లోట్ స్విచ్‌కి (నీళ్లు పెరిగితే పైకి తేలి పంపును ఆన్ చేసే స్విచ్) వెళ్లే పాజిటివ్ వైరు మెయిన్ స్విచ్‌తో సంబంధం లేకుండా బ్యాటరీ నుంచే రావాలి, ఎందుకంటే మనం అన్నీ ఆపేసి ఇంటికెళ్లాకే పంపు అవసరం పడుతుంది. 2020 అక్టోబర్‌లో బేగంపేటలో ఒక్కరోజులో దాదాపు 19 సెంటీమీటర్ల వాన పడింది. 5 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పున్న టాపు లేని పడవలో ఆ లెక్కన 1,900 లీటర్ల దాకా నిండుతాయి.

కానీ నేరుగా అంటే ఫ్యూజ్ లేకుండా అని కాదు. హుస్సేన్ సాగర్‌లో గుర్రపుడెక్క వేళ్లు, నిమజ్జనం దండల దారాలు తాళ్లకు చుట్టుకుని పడవలోకి వస్తాయి. అలాంటి దారం ఒక్కటి ఇంపెల్లర్‌కు (పంపులో నీళ్లను తోసే రెక్కల చక్రం) చుట్టుకుంటే మోటారు తిరగదు, కరెంటు మాత్రం మామూలుకంటే ఎన్నో రెట్లు లాగుతుంది, వైరు కాలుతుంది, అదీ పెట్రోలు ట్యాంకు పక్కనే. అప్పుడు ఫ్యూజ్ కొట్టేసినా మీకు పోయిందేమీ లేదు, పంపు అప్పటికే ఆగిపోయింది! పంపు లేబుల్ మీద ఎన్ని ఆంపియర్ల ఫ్యూజ్ అని ఉంటే అంతే పెట్టండి, బ్యాటరీకి జానెడు దూరం దాటకుండా.

ఇంటి వైరు సంగతి. 230 వోల్టుల్లో ఒక వోల్టు పోతే తెలియదు, 12 వోల్టుల్లో తెలుస్తుంది. 5 మీటర్ల దూరానికి 1 చదరపు ఎంఎం వైరు వేస్తే 5 ఆంపియర్ల దగ్గర రానూపోనూ దాదాపు 0.9 వోల్టు పోతుంది, 2.5 వేస్తే 0.35. తగరం పూత ఉన్న మల్టీస్ట్రాండ్ వైరు తీసుకోండి. జాయింట్లు క్రింప్ చేసి (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి బిగించి), లోపల జిగురుండే హీట్ ష్రింక్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) వేసి, నీళ్లు అందని ఎత్తులో కట్టండి. టేపు తడిలో ఊడిపోతుంది, రాగి పచ్చబడుతుంది.

పెద్ద పంపు ధైర్యం కూడా ఉత్తదే. నీటిమట్టానికి అడుగు కింద ఒక అంగుళం చిల్లు పడితే గంటకు 2,500 లీటర్లకు పైనే లోపలికొస్తాయి. గంటకు 500 గ్యాలన్ల పంపు డబ్బా మీది లెక్క ప్రకారమే తోడేది 1,900, పైపు పైకెక్కేకొద్దీ అదీ తగ్గుతుంది. పంపు వానకోసం, చిన్న లీకుకోసం. చిల్లుకు చెక్క బిరడా, బకెట్ దగ్గర ఉండాల్సిందే.

ముట్టుకోనక్కర్లేదన్నది మరీ అన్యాయం. వానాకాలంలో వారానికోసారి పంపు జాలీ తీసి కడగండి, ఫ్లోట్ కింద చెత్త చేరిందేమో చూడండి, తర్వాత బకెట్ నీళ్లు పోసి పంపు దానంతటదే మొదలై దానంతటదే ఆగుతోందో లేదో చూడండి. ఫ్లోట్ లేచినా తిరగకపోతే ముందు ఫ్యూజ్, తర్వాత నెగటివ్ జాయింటు చూడండి.