నేషనల్ సర్వీస్ గారికి, గ్రేడు రాకముందే రాస్తున్న ఉత్తరం

మహారాజశ్రీ సింగపూర్ నేషనల్ సర్వీస్ గారికి,

ఉభయకుశలోపరి. మీరైతే 1967 నుంచీ కుశలమే, నా కుశలం సంగతే ఇంకా డాక్టర్లు తేల్చాలి. తెలుగులో రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మీరు ఫారాలు ఇంగ్లిష్‌లో నింపించుకుంటారు, కవాతు మలయ్‌లో చేయిస్తారు, కానీ మీ సైన్యంలో నేను తప్పనిసరిగా చేయాల్సిన రెండేళ్ళ గురించి మా ఇంట్లో రోజూ రాత్రి జరిగే గొడవ మాత్రం అచ్చంగా తెలుగులోనే జరుగుతోంది. కాబట్టి ఉత్తరం కూడా ఆ భాషలోనే ఉండాలి. పైగా మీరు చదవలేరన్న ధైర్యం ఒకటి.

నాకు పదిహేడు నడుస్తోంది. ఆటిస్టిక్‌ని. ఐదో తరగతి అయ్యాక విజయవాడ నుంచి ఇక్కడికి వచ్చాం. ఉద్యోగం నాన్నది, పీఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) నాన్నది, ఆ పీఆర్ కింద డిపెండెంట్లం అమ్మా నేనూ. మీ లెక్క ఇక్కడే నాకు భలే నచ్చుతుంది: కావాలని అప్లై చేసి పీఆర్ తెచ్చుకున్న మొదటి తరం నాన్నకి మినహాయింపు, ఆ అప్లికేషన్‌లో ఓ గడిలో పేరున్న నాకు సైన్యం. సంతకం ఒకరిది, క్షవరం ఇంకొకరిది. పదహారున్నరకి రిజిస్ట్రేషన్, పద్దెనిమిది నిండాక రెండేళ్ళు, ఆ తర్వాత కూడా వదలరు, ఆఫీసర్ని కాకపోతే నలభై ఏళ్ళొచ్చే దాకా రిజర్విస్ట్ అని అప్పుడప్పుడూ పిలుస్తూనే ఉంటారు. రానంటే పదివేల డాలర్ల దాకా జరిమానా, మూడేళ్ళ దాకా జైలు, లేదా రెండూ. రెండేళ్ళు రానన్నవాడిని మూడేళ్ళు కూర్చోబెట్టగలగడంలో ఉన్న ఆ గణితం చూసి మా మ్యాథ్స్ సార్ కూడా మెచ్చుకునేవారు. సరే పీఆర్ వదిలేస్తానంటే, వదిలెయ్ నాయనా, రేపు చదువుకనో ఉద్యోగానికనో మళ్ళీ మా గడప ఎక్కినప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటాం అంటారు. పదమూడో ఏడు దాటిన దగ్గర్నుంచీ మా అమ్మమ్మ ఇంట్లో మూడు నెలలుండాలన్నా ముందు మీ పర్మిట్ కావాలి. ఆవిడ దీన్ని ఇప్పటికీ నమ్మదు. "నా మనవడు నా ఇంటికి రావడానికి ఆ మిలిట్రీవాడెవడ్రా" అంటుంది. ఆ ప్రశ్నకి మీ వెబ్‌సైట్‌లో ఎఫ్ఏక్యూ దొరకలేదు.

అక్కడ మా బావ కథ వేరే. గుంటూరు దగ్గర ఊళ్ళో తెల్లారకముందే లేచి గ్రౌండ్ చుట్టూ పరిగెడుతుంటాడు. అగ్నివీర్ అవ్వాలని. 1.6 కిలోమీటర్లు సెకన్లు లెక్కపెట్టుకుంటూ పరిగెడతాడు, నాలుగేళ్ళ ఉద్యోగం కోసం, అది కూడా నలుగురిలో ముగ్గుర్ని మళ్ళీ ఇంటికి పంపించేసే ఉద్యోగం కోసం. 2022 జూన్‌లో సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు పెట్టెలు తగలబడి, పోలీసు కాల్పుల్లో ఒక కుర్రాడు చనిపోయింది కూడా ఈ సైన్యం ఉద్యోగం గురించే. దేహదారుఢ్య పరీక్ష పాసై రాతపరీక్ష కోసం ఏళ్ళ తరబడి ఎదురు చూసినవాళ్ళకి పాత పద్ధతి రద్దయింది పొమ్మన్నారు. అక్కడ వస్తామంటే రానివ్వరు, ఇక్కడ రానంటే ఊరుకోరు. మనిద్దరం మార్చుకుందాంరా అంటాడు బావ వీడియో కాల్‌లో నవ్వుతూ. నేను నిజంగానే రూల్స్ వెతికాను, అలాంటి అవకాశం లేదు. జోక్ అని తర్వాత అమ్మ చెప్పింది.

మార్కుల విషయానికొద్దాం. నాకు ఆరేళ్ళప్పుడు ఇండియాలో ఒక పరీక్ష పెట్టారు. ఐఎస్‌ఏఏ అంటారు, నలభై అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా. డెబ్భై లోపు వస్తే ఆటిజం లేనట్టు, 106 దాకా మైల్డ్, 153 దాకా మోడరేట్, ఆపైన సివియర్. మార్కులు తక్కువొచ్చాయని మా వంశంలో సంతోషించిన పరీక్ష అదొక్కటే. "మైల్డేనటండీ" అని అమ్మ అందరికీ ఫోన్ చేసి చెప్పింది, డిస్టింక్షన్ వచ్చినంత ధీమాగా. ఇప్పుడు మీ పరీక్ష. ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ, రక్తం, కళ్ళు, పళ్ళు అన్నీ చూసి ఒక అక్షరం ఇస్తారు. ఏ, బీ అయితే చాలామటుకు పోరాడే పటాలాల్లోకి, సీ అయినా ఈ అయినా స్టోరూమో ఆఫీసు బల్లో, డీ అంటే ఇంకా తేలలేదని, ఎఫ్ అంటే అసలు రానక్కర్లేదని. ఏ వస్తే అమ్మ ఏడుస్తుంది. ఎఫ్ వస్తే నాన్న మొహం దించుకుంటారు. మధ్యలో ఏదొచ్చినా ఇద్దరూ కలిసి గూగుల్ చేస్తారు.

అడగకూడదేమో గానీ అడుగుతున్నాను: మీ దగ్గర సీ2 తర్వాత నేరుగా సీ9 ఉంది. ఈ1 తర్వాత ఈ9. మధ్యలోవి ఏమయ్యాయండీ? దేశ రక్షణ గురించి నాకు టెన్షన్ లేదు, మీరున్నారు. సీ3 నుంచి సీ8 దాకా ఎటుపోయాయన్న దానికే నిద్ర పట్టడం లేదు.

నిజం చెప్పాలంటే మీలో నాకు నచ్చినవే ఎక్కువ, ఇది మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. లేచే టైము రాసి ఉంటుంది, తినే టైము రాసి ఉంటుంది. మంచం మీద దుప్పటి ఎలా మడవాలో, అలమరలో ఏది ఏ అరలో ఉండాలో ముందే చెప్పి, స్టాండ్‌బై బెడ్ అని పెట్టి తనిఖీ కూడా చేస్తారట. మా అలమర ఇప్పటికే అలా ఉంది, ఎవరూ తనిఖీకి రాకపోయినా. సెడియా అంటే అటెన్షన్‌లో నిలబడాలి, సెనాంగ్ దిరి అంటే సడలించుకోవాలి, దానికి ఇంకో అర్థం ఉండదు. మా చుట్టాల ఇళ్ళలో "భోంచేసి వెళ్ళు బాబూ" అంటే మొదటిసారికి వద్దనాలి, రెండోసారికి మొహమాటపడాలి, మూడోసారికి కూర్చోవాలి. ఇది తెలుసుకోడానికి నాకెన్నేళ్ళు పట్టిందో, ఎంతమంది ఇళ్ళలో మొదటి పిలుపుకే విస్తరి ముందు కూర్చున్నానో! అలాంటివాడికి ఒక్కసారే చెప్పి, చెప్పిందే ఉద్దేశించే పెద్దమనుషులు దొరికారంటే, ఈ సైన్యమేదో నాకోసమే పెట్టారని మొదట్లో అనుకున్నాను.

తర్వాత వెళ్ళొచ్చిన అన్నయ్యలు చెప్పడం మొదలుపెట్టారు. రాసి ఉన్న రూల్స్ సగమేనట. మిగతా సగం ఎక్కడా రాయరట, అందరికీ తెలిసిపోతాయట, ఎలా అంటే ఎవరూ చెప్పలేరు. సార్జెంట్ "ఏం, హాలిడేకి వచ్చావా?" అంటే అది ప్రశ్న కాదట. నేనైతే "కాదు సర్, మీ నోటీసు మీద వచ్చాను" అంటాను, అది పొగరు అవుతుంది, నా పొగరుకి సెక్షన్, అంటే నా జట్టు మొత్తం పుషప్స్ కొడుతుంది, ఆ రాత్రి సెక్షన్ మొత్తం నాతో మాట్లాడటం మానేస్తుంది. అది వరమో శిక్షో నాకు తెలియదు. ఎప్పుడు నిజంగా తొందరపడాలో, ఎప్పుడు తొందరపడుతున్నట్టు కనిపిస్తే చాలో, ఎవరి తప్పు చూసీ చూడనట్టు వదిలేయాలో ఇవన్నీ ఏ హ్యాండ్‌బుక్‌లో ఉన్నాయండీ? ఉంటే పంపండి, కంఠతా పట్టేస్తాను. మీ ఆరోగ్య ఫారంలో ఆస్తమా ఉందా, ఫిట్స్ ఉన్నాయా, ఎముకలు విరిగాయా అని అన్నీ అడుగుతారు. వెటకారం అర్థమవుతుందా అని అడగరు. నాకు కుదరనిది అదొక్కటే, దానికి గడి లేదు.

కొత్తవాళ్ళకి మొదటి శిక్షణ ఇచ్చే టెకాంగ్ దీవి గురించి కూడా విన్నాను. పడవలో అమ్మానాన్నల్ని కూడా తీసుకెళ్ళి, బ్యారక్ చూపించి, భోజనం పెట్టి, వాళ్ళని వెనక్కి పంపి మమ్మల్ని ఉంచేసుకుంటారు. మర్యాద తెలిసినవారు. అక్కడ మూడు తలుపులున్న గది కథ ఒకటి చెప్పి అందరూ భయపెడతారు, రూట్ మార్చ్‌లో చనిపోయిన కుర్రాడి దెయ్యం కోసం ఆ మూడో తలుపు పెట్టారని. దెయ్యం ఒక్కటే, అది మాట్లాడదు కూడా. నా భయమంతా ఆ గదిలో గురకపెట్టే, స్ప్రే కొట్టుకునే, అర్ధరాత్రి చిప్స్ ప్యాకెట్ విప్పే బతికున్నవాళ్ళ గురించి. మొదటి రోజు జుట్టు తీసేస్తారు కదా, తిరుపతిలో మూడేళ్ళప్పుడు కళ్యాణకట్టలో నేను అరిచిన అరుపు మా చుట్టాలు ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చెప్పుకుంటారు, కాబట్టి ఆ మిషన్ పట్టుకునే ఆయనకి ముందే ఒక మాట చెప్పి ఉంచండి. ఇంకొకటి: తుపాకులు పేల్చే చోట చెవుల్లో పెట్టుకోడానికి ప్లగ్గులు మీరే ఇస్తారట. వందలమంది ఒకేసారి స్టీలు ప్లేట్లు పడేసే భోజనాల హాల్లో మాత్రం ఇవ్వరట. తుపాకీ శబ్దం ఎప్పుడొస్తుందో ముందే తెలుస్తుంది కదండీ, దానికి నేను తట్టుకోగలను. ప్లేటు చెప్పి పడదు.

మీకు నా బాధ అర్థం కాదని మాత్రం అనను, ఎందుకంటే మీరూ ఒకప్పుడు మాస్క్ వేసుకున్నవారే. 1965లో దేశం విడిగా వచ్చినప్పుడు మీకున్నవి రెండే బెటాలియన్లు. సైన్యం ఎలా కట్టాలో నేర్పడానికి ఇజ్రాయెల్ నుంచి సలహాదారులొచ్చారు, చుట్టుపక్కల వాళ్ళకి తెలిస్తే బాగుండదని వాళ్ళని "మెక్సికన్లు" అన్నారు. నేను స్కూల్లో ఏళ్ళ తరబడి చేసింది కూడా ఇదే. జోక్ వినపడగానే పక్కవాడితో పాటు నవ్వడం, కళ్ళలోకి చూడమంటే కనుబొమల మధ్య చూడటం. ఆటిజం వాళ్ళు దీన్ని మాస్కింగ్ అంటారు, మీ దగ్గర దీన్ని వ్యూహం అన్నారు. కాకపోతే మీ మాస్క్‌కి పతకాలొచ్చాయి. నా మాస్క్ బాగా అతుక్కుందని "వీడు బానే ఉన్నాడే, చావ్ కెంగ్ చేస్తున్నాడేమో" అంటారు, అంటే పని ఎగ్గొట్టడానికి నాటకమాడుతున్నానని.

ఇజ్రాయెల్ మాటొచ్చింది కాబట్టి, అక్కడ ఆటిజం ఉన్నవాళ్ళకి సైన్యం తప్పనిసరి కాదు, కావాలంటే చేరొచ్చు. చేరినవాళ్ళలో కొందరిని పైనుంచి తీసిన ఫోటోలు గంటల తరబడి చూసి తేడాలు పట్టే పనిలో పెడుతున్నారు. ఆ వార్త మా కూకట్‌పల్లి మావయ్య ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, "చూశావా, మీవాళ్ళకి సూపర్ పవర్స్ ఉంటాయిరా" అన్నాడు. ఈయనే పోయిన ఏడాది "ఆర్మీలో రెండు తగిలిస్తే అన్నీ అవే సర్దుకుంటాయి" అన్నవాడు. ఆ ఫోటోలు చూసి ఎవరి ఇంటి మీద ఏం వేస్తారో ఆయన అడగలేదు, నేను అడిగాను, గ్రూపులో ఎవరూ జవాబివ్వలేదు. అయినా నాకు సూపర్ పవర్స్ ఏమీ లేవు మావయ్యా. ఫ్రిజ్‌లో ఎదురుగా ఉన్న పెరుగు గిన్నె కనపడదు.

నేను ఎఫ్ కోసం రాయడం లేదు, అమ్మ రాయమంది గానీ. రెండేళ్ళ పని చేయగలను, బహుశా మీ స్టోర్‌లో లెక్కలు నాకంటే బాగా ఎవరూ చూడరు. ముందే చెప్పండి చాలు. గదిలో ఎంతమంది, స్నానానికి ఎన్ని నిమిషాలు, సాయంత్రం ప్లాన్ మారితే ఎంత ముందు చెబుతారు, భరించలేనప్పుడు ఒక పది నిమిషాలు ఎక్కడ కూర్చోవచ్చు, ఆ చోటు ఎవరిని అడగాలి, అడిగితే దాన్ని నాటకం అంటారా అనరా. సీ3 నుంచి సీ8 సంగతి కూడా వీలైతే.

జవాబు ఈమెయిల్‌లో పంపండి. దయచేసి ఫోన్ చేయకండి. చేస్తే అమ్మ ఎత్తుతుంది, ఆవిడ మీతో తెలుగులోనే మాట్లాడుతుంది.

ఇట్లు,
తమ పిలుపు కోసం ఎదురుచూడని, అయినా పెట్టె సర్దుకున్న,
భావి రిక్రూట్