బ్రెవే రేసు కాదండీ

మీ పత్రిక వ్యాసంలో 200 కిలోమీటర్ల బ్రెవేను, అంటే నిర్ణీత సమయంలో ముగించాల్సిన దూరపు సైకిల్ ప్రయాణాన్ని, ‘రేసు’ అని రాశారు. ఇందులో ర్యాంకులు ఉండవు. పదమూడున్నర గంటల్లో, అంటే గంటకు సుమారు 15 కిలోమీటర్ల లెక్కన పూర్తి చేస్తే చాలు. టిఫిన్, పంక్చర్ అన్నీ ఆ టైములోనే.

కాళ్ల నొప్పులదేముంది, రెండు రోజుల్లో పోతాయి. అసలు పరీక్ష గాలి. జూన్, జులైల్లో హైదరాబాద్ నుంచి సూర్యాపేట వైపు వెళ్తుంటే పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది. మనమే తోపులం అనుకుంటాం! తిరుగు దారిలో అదే గాలి ముఖాన కొడుతుంది, పైగా రోడ్డు కొద్దికొద్దిగా ఎత్తెక్కుతూనే ఉంటుంది. నార్కట్‌పల్లి వచ్చేసరికి హ్యాండిల్ మీద వేళ్లు తిమ్మిరెక్కుతాయి, సీటు మీద కూర్చోబుద్ధి కాదు.

మరి ఎందుకు తొక్కడం అంటారా? చౌటుప్పల్ దగ్గర తెల్లారుతుండగా బండి మీద పొగలు కక్కే ఇడ్లీ తిని చూడండి. కారులో వెళ్లేవాళ్లకు ఆ రుచి తెలీదు. “ఎక్కడి దాకా సార్?” అని అడిగిన బండాయన, జవాబు విని నమ్మలేక ఇంకో గరిటె చట్నీ వేస్తాడు.

కొత్తవాళ్లు మొదటి 200 డిసెంబర్, జనవరిల్లో పెట్టుకోండి. పొద్దు తక్కువ కాబట్టి ముందూ వెనకా లైట్లు, మెరిసే జాకెట్ మాత్రం మర్చిపోవద్దు.