మా బస్టాండ్ సెలూన్ స్థలపురాణం

మా ఊరి చరిత్ర రాయాలని పెద్దలంతా కలిసి ఓ కమిటీ వేసుకున్నారు. గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, ఏ మంత్రి ఏ రోజు మా ట్రావెలర్స్ బంగ్లాలో కాఫీ తాగి వెళ్ళాడు, అన్నీ ఎక్కాయి. బస్టాండ్ ఎదురుగా ఉన్న హెయిర్ కటింగ్ సెలూన్ ఊసు మాత్రం ఎక్కడా లేదు. కమిటీ మెంబర్లందరూ పుస్తకం వెనక అట్ట మీదికి ఫొటో దిగే ముందు నున్నగా గడ్డం గీయించుకున్నది అక్కడే, అది వేరే సంగతి. కాబట్టి ఆ లోటు పూడ్చే బాధ్యత నా నెత్తిన వేసుకుంటున్నాను. నా నెత్తి మీద ఈమధ్య ఖాళీ కూడా బాగానే ఉంది.

సెలూన్‌కి ముందుది దొడ్డిగుమ్మం యుగం. ఇప్పటి ఓనరు గారి తాత పొది చంకన పెట్టుకుని ఇంటింటికీ వచ్చేవాడట. వీధి వాకిట్లోంచి కాదు, దొడ్డి దారిన. పెద్దాయన పీట వేసుకుని కూర్చుంటే, ఈయన ఎదురుగా గొంతుక్కూర్చుని, చెంబులో నీళ్ళతో గడ్డం తడిపి, కత్తిని తోలుపట్టా మీద నాలుగుసార్లు అటూ ఇటూ లాగి పని మొదలుపెట్టేవాడు. పని అయ్యాక పెద్దాయన నూతి దగ్గర స్నానం చేసేదాకా ఇంట్లో పిల్లలు కూడా ఆయన్ని ముట్టుకోకూడదు. డబ్బు మాటే లేదు, పంట ఇంటికొచ్చేటప్పుడు కళ్ళంలో మేరగా కాస్త ధాన్యం కొలిచి ఇచ్చేవాళ్ళు, అదీ పంట బాగుంటేనే.

ఇక్కడ నాలోని చరిత్రకారుడికి ఓ సందేహం. గడప తొక్కనివ్వడానికి పనికిరాని మనిషికి, కళ్ళు మూసుకుని, తల వెనక్కి వాల్చి, కుత్తుక అప్పగించేశారే మా పెద్దలు, దాన్ని ధైర్యం అనాలా, ఇంకేమన్నా అనాలా? ఆయన చేతిలో ఉన్నది దువ్వెన కాదు కదండీ. పైగా పెళ్ళిరోజు అదే మనిషి సన్నాయి అందుకుంటే తప్ప తాళి కదిలేది కాదు. పంతులు గారు వేలు పైకెత్తి "గట్టిమేళం, గట్టిమేళం" అని అరిచేది ఎవరి వైపు చూసి?

తర్వాత ఆయన కొడుకు బస్టాండ్ ఎదురుగా రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని, రెండు చెక్క కుర్చీలు, ఎదురెదురు గోడలకి రెండు పెద్ద అద్దాలు, గోడవారగా ఓ పొడుగాటి బల్ల వేశాడు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయని మా కమిటీ పుస్తకంలో రెండు పేజీలు రాశారు గానీ, నన్నడిగితే ఆ బల్ల అంతకంటే పెద్ద పాలనా సంస్కరణ. ఎందుకంటే మా ఊరి పెద్దమనుషులు జీవితంలో మొదటిసారి తామే నడిచొచ్చి, రిక్షా అతని పక్కన కూర్చుని, వంతు వచ్చేదాకా ఆగాల్సొచ్చింది. పేపరు నాలుగు ముక్కలై నాలుగు చేతుల్లో ఉండేది, సినిమా పేజీ ఎవరికి దొరికితే వాడు ఆ పూటకి ప్రెసిడెంటు. "ఇచ్చట రాజకీయాలు మాట్లాడరాదు" అన్న బోర్డు కింద కూర్చుని అందరూ రాజకీయాలే మాట్లాడేవాళ్ళు. మంగళవారం సెలవు కనక ఊళ్ళో ఆ ఒక్కరోజు ప్రభుత్వం ప్రశాంతంగా నడిచేది.

ఇంత వైభవంలోనూ ఓ విషయం చెప్పాలి. దుకాణాల్లోకి ఎవర్నీ కులం పేరుతో రావద్దనకూడదని రాజ్యాంగం 15వ అధికరణంలో రాసుకున్నాం. 1948 నవంబర్‌లో రాజ్యాంగ సభలో అసలు దుకాణం అంటే ఏమేం వస్తాయన్న ప్రశ్న లేస్తే, సేవలు అందించే వాళ్ళంతా దాని కిందికే వస్తారని అంబేడ్కర్ తేల్చిచెప్పారు. 1955లో అస్పృశ్యత నేరాల చట్టం కూడా వచ్చింది. పల్లెల్లో పెద్దలు మాత్రం ఇవేవీ చదివినట్టు లేదు. దళితులకి క్షవరం చేస్తే ఆ కత్తి మాకొద్దన్నారు, ఆ ఒక్క మాటతో కత్తి పట్టినవాడి పొట్టా కొట్టారు, తల మాసినవాడి మర్యాదా తీశారు, తాము మాత్రం ఎవర్నీ ఏమీ అనలేదని నున్నగా గడ్డాలు నిమురుకున్నారు. నా చిన్నప్పుడు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కొందరు బస్సెక్కి మరీ మా సెలూన్‌కి వచ్చేవాళ్ళు. ఇక్కడ మిషన్ కటింగ్ బాగుంటుందని వస్తున్నారనుకునేవాణ్ణి. డిగ్రీ చదివేదాకా అలాగే అనుకున్నాను.

నా సొంత చరిత్ర కుర్చీ చేతుల మీద అడ్డంగా వేసిన చెక్కపలక మీద మొదలైంది. పిల్లలకి అదే సింహాసనం. నాన్న వెనక నిలబడి ఎప్పుడూ ఒకటే ఆర్డరు: "బాగా కురచగా వెయ్యి, రెండు నెలల దాకా మళ్ళీ రాకూడదు." ఆ చల్లటి ఇనప మిషన్ కటకటమంటూ మెడ మీద నుంచి పైకి పాకుతుంటే, మధ్యలో ఓ వెంట్రుక పళ్ళ సందున ఇరుక్కుని ప్రాణం లాగేసేది. ఎదురద్దంలో వెనకద్దం, వెనకద్దంలో ఎదురద్దం, అలా లోపలికి పోయేకొద్దీ వందమంది నేను, వందమందికీ డిప్ప కటింగే. పక్క కుర్చీలో అన్నయ్యలు చెవులు మూసే హిప్పీ క్రాఫులు, ఆ తర్వాత స్టెప్ కటింగులు చేయించుకునేవాళ్ళు. మనకి మాత్రం ప్రభుత్వాలు మారినా పాలసీ మారలేదు.

ఎయిడ్స్ గురించి ఊరంతా పోస్టర్లు పడ్డాక కత్తి పోయి బ్లేడు వచ్చింది. కాగితం విప్పకుండానే బ్లేడుని మధ్యకి టక్కున విరిచి, సగం కత్తి పిడిలోకి ఎక్కించి, మిగతా సగం తర్వాతి గడ్డానికి దాచేవాడు. ఎంత ప్రయత్నించినా ఆ విరుపు నాకు ఒక్కసారీ రాలేదు, వేళ్ళు మాత్రం రెండుసార్లు తెగాయి.

2020 లాక్‌డౌన్‌లో షాపు మూతపడితే మా ఊరికి అసలు విషయం అర్థమైంది. ఇళ్ళల్లో ఆడవాళ్ళు ట్రిమ్మర్లు పట్టారు. మా వీధిలో ఓ రిటైర్డ్ హెడ్మాస్టారు గారు నెలన్నర పాటు నడివేసవిలో మంకీ క్యాప్ తియ్యలేదు. ఆ ఏడాదే ఆంధ్రాలో ప్రభుత్వం సెలూన్ల వాళ్ళకి చేదోడు పథకం కింద పదివేలు వేసింది, ఆ తర్వాతి ఏడాది తెలంగాణలో నెలకి 250 యూనిట్ల కరెంటు ఉచితం అన్నారు. మర్యాద మాత్రం ఏ పథకంలోనూ పెట్టలేదు.

అది ఎక్కడ దొరుకుతుందో మా మేనల్లుడు చూపించాడు. హైదరాబాద్‌లో వాడు వెళ్ళే ఏసీ సెలూన్‌లో అదే కత్తెర, అదే దువ్వెన, చేసేవాణ్ణి స్టైలిస్ట్ అంటారు. అపాయింట్‌మెంట్ తీసుకుని, ఆరొందలు కట్టి, "థాంక్స్ బ్రో" అని, పైన టిప్ కూడా ఇచ్చి వస్తాడు. కులాలూ గిలాలూ పట్టించుకోని ఆధునికుడు. సంక్రాంతికి ఊరొచ్చి మా సెలూన్ కుర్చీలో కూర్చోగానే, "ఎంతోయ్ కటింగూ షేవింగూ?" అన్నాడు. ఓనరు గారికి వాడి తండ్రి వయసుంటుంది. నూట యాభై అన్నాడాయన. "నూట యాభయ్యా? పోయినసారి నూట ఇరవై తీసుకున్నావుగా! ఊళ్ళో కూడా ఇంత దోపిడీ ఏంటయ్యా" అని, బల్ల మీద కూర్చున్న మా అందరి వైపు అద్దంలోంచి చూసి నవ్వాడు.

ఓనరు గారు ఏమీ అనలేదు. నురగ పట్టించడం పూర్తి చేశాడు. కాగితంలోని బ్లేడు తీసి టక్కున విరిచాడు. సగం పిడిలోకి ఎక్కించి, కుర్చీ వెనక్కి వాల్చి, నెమ్మదిగా అన్నాడు:

"గడ్డం కాస్త పైకెత్తండి బాబూ."

మావాడు నోరు మూసుకుని ఎత్తాడు.