పేదరికం పేరిట రెండంతస్తులు

ఆస్తి తన పేరున లేకుండా అనుభవించే విద్య మనవాళ్ళే కనిపెట్టారనుకునేవాళ్ళు ఒకసారి ఇటలీలోని అస్సీసి వెళ్ళిరావాలి. నాణెం ముట్టొద్దని శిష్యులకు నియమం పెట్టిన క్రైస్తవ సన్యాసి ఫ్రాన్సిస్ 1226లో పోయాడు. 1228 జూలై 16న పోపు తొమ్మిదో గ్రెగరీ ఆయన్ని పునీతుణ్ణి చేసి, మర్నాడే ఆయన పేరిట గుడికి శంకుస్థాపన కానిచ్చాడు. కింద ఒక గుడి, దాని నెత్తిన ఇంకో గుడి, కొండంచున కోటలాంటి మఠం. స్థలం మాత్రం పోపు పేరున రాయించారు. సన్యాసులది ఉత్త వాడకమే కాబట్టి దరిద్రవ్రతానికి భంగం లేదు.

ముందు కింది గుడికి వెళ్ళండి. భుజాలూ మోకాళ్ళూ కప్పుకోకపోతే గుమ్మంలోనే ఆపుతారు. లోపల చీకటి, కళ్ళు సర్దుకునేదాకా ఆగకపోతే ప్రధాన బలిపీఠం పైకప్పు మీది పెళ్ళి బొమ్మ చూడలేరు. వరుడు ఫ్రాన్సిస్, వధువు పేదరికం. చిరుగుల బట్టల్లో, ముళ్ళ మధ్య నిలబడి ఉంటుంది. కుక్క మొరుగుతుంటుంది, పిల్లవాడు రాయి విసురుతుంటాడు. దాని కిందే వరుడి సమాధి. 1230లో ఎంత భద్రంగా దాచారంటే 1818 దాకా దొరకలేదు. ఏమీ లేనివాడికి అంత కాపలా మరి!

పై గుడిలో ఆయన కథ 28 కుడ్యచిత్రాలు. గుమ్మం దగ్గర మొదలుపెట్టారో, కథ మధ్యలో పడ్డట్టే. బలిపీఠం వైపు తిరిగి నిలబడితే ఒకటోది కుడిగోడకు ఆ చివర ఉంటుంది. అక్కణ్ణుంచి గుమ్మం దాకా వచ్చి, ఎడమగోడ వెంట వెనక్కి వెళ్ళాలి. అయిదోదాన్ని వదలొద్దు. బట్టల వ్యాపారి కొడుకైన ఫ్రాన్సిస్ ఒంటిమీదివన్నీ విప్పిచ్చేశాడు. ఆ బట్టలు చేతిమీద వేసుకుని తండ్రి కొడుకు మీదికి ఉరకబోతుంటే పక్కవాడు చెయ్యి పట్టి లాగుతున్నాడు. బిషప్పుగారు పాపం, కుర్రాడి మొల కప్పే పనిలో ఉన్నారు.

బినామీ వ్యవహారం 1322లో బెడిసింది. న్యాయశాస్త్రం చదివిన పోపు 22వ జాన్, మీరు తినే గుడ్డూ జున్నూ రొట్టెముక్కా కూడా రోము చర్చివేనా అని నిలదీసి, ఆస్తి సన్యాసుల నెత్తినే పెట్టాడు.

రైలుస్టేషనున్న పల్లంలో పోర్సియుంకొలా అనే బుల్లి ప్రార్థనాలయం ఉంది. దాన్ని కడుపులో పెట్టుకుని ఇంకో మహాకట్టడం. ఒకప్పుడు ఇక్కడ ఊరివాళ్ళు శిష్యులకు ఇల్లు కట్టిస్తే, ఫ్రాన్సిస్ కప్పెక్కి పెంకులు పీకి విసిరేశాడని పాత చరిత్రకారులు రాశారు. ఇల్లు మీవాళ్ళది కాదు స్వామీ, ఊరిది అనగానే చేతిలో పెంకు అక్కడే పెట్టి దిగొచ్చాడట.